టెక్నికల్ వింటర్ క్లైంబింగ్‌కు బూట్లు, క్రాంపాన్లు: ముందు బూటు తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: రెండు చలికాలాలుగా మంచు వాలుల మీద తిరుగుతున్నారు. బి1 రకం (కొంత బిరుసైన) ట్రెక్కింగ్ బూట్లకు పట్టీలతో కట్టుకునే పది పాయింట్ల క్రాంపాన్లు, అంటే బూటు అడుగున బిగించే ఉక్కు ముళ్ల చట్రాలు, వాడుతున్నారు. ఇప్పుడు గడ్డకట్టిన జలపాతాలు, రాయీ ఐసూ కలిసి ఉండే మిక్స్‌డ్ రూట్లు మొదలుపెట్టాలని ఉంది. మోనో పాయింట్ (ముందు ఒకే మొన ఉండేది) కొనాలా, డ్యుయల్ పాయింటా (ముందు రెండు మొనలుండేది)? ఉన్న బూట్లు సరిపోతాయా? సింగిల్ బూటా, డబుల్ బూటా (లోపల విడిగా తీసే ఇంకో బూటు ఉండేది)? ఒక స్నేహితుడు ఇస్తానంటున్న పాత ప్లాస్టిక్ బూట్లు తీసుకోవచ్చా?

మోనోనా డ్యుయలా అన్నది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. ముందు బూటు కొనండి. ఆ బూటును చేత్తో పట్టుకుని వెళ్లి, దానికి సరిగ్గా అతికే క్రాంపాన్ ఏదో చూడండి. చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే అందులో పెద్ద వాటా బూటుకే కేటాయించండి. క్రాంపాన్ మామూలుదైనా బూటు మంచిదైతే ఎక్కగలం. బూటు కుదరకపోతే ఎంత ఖరీదైన క్రాంపాన్ పెట్టినా కాలు నిలవదు, పైగా వేళ్లు చచ్చుబడతాయి.

ఎందుకో చెప్తాను. నిట్టనిలువు ఐస్ మీద నిలబడినప్పుడు ఒంటి బరువంతా బూటు కొస దాటి 2, 2.5 సెం.మీ. బయటికి వచ్చిన ఉక్కు మొనల మీద పడుతుంది. పాదంలో మిగతా భాగం కింద ఉండేది గాలే. సోల్ బిరుసుగా ఉంటే ఆ భారాన్ని తనే మోస్తుంది, పాదం దాని మీద ఆనుకుని విశ్రాంతిగా ఉంటుంది. సోల్ వంగేదైతే మడమ కిందికి దిగిపోతూ ఉంటుంది, దాన్ని పైకి నిలిపే పని పిక్కల నెత్తిన పడుతుంది. కాసేపటికే కాళ్లు వణకడం మొదలవుతుంది. కాలు వణికితే మొనలు ఐస్‌లో కదులుతాయి, అవి చేసుకున్న చిన్న గుంట వెడల్పవుతుంది, పట్టు పోతుంది. ఇంకో సమస్య కూడా ఉంది. బూటు వంగిన ప్రతిసారీ క్రాంపాన్‌లో ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపే పట్టీ కూడా వంగాలని చూస్తుంది. బిరుసు క్రాంపాన్‌ను మెత్తటి బూటుకు బిగిస్తే, అయితే ఆ పట్టీ అలిసిపోయి విరుగుతుంది, లేదంటే అడుగు మధ్యలో క్రాంపానే ఊడి వస్తుంది. రెండూ కొండ మీద జరగకూడనివే.

ఈ జోడీ కుదర్చడానికే బూట్లకు బి0 నుంచి బి3 వరకు, క్రాంపాన్లకు సి1 నుంచి సి3 వరకు ఒక గ్రేడింగ్ వాడుకలో ఉంది. బ్రిటన్ దుకాణాల్లో ఇది బాగా చెలామణి అవుతుంది. బి0 అంటే క్రాంపాన్ పెట్టకూడని మామూలు నడక బూటు. బి1 కొంత బిరుసు, పట్టీలతో కట్టే సి1 మాత్రమే దానికి తగినది. బి2కు మడమ దగ్గర లివర్ పట్టడానికి గాడి ఉంటుంది, సోల్ చాలావరకు వంగదు, కాబట్టి మడమ లివర్ ఉన్న సి2 పెట్టొచ్చు. బి3 పూర్తిగా బిరుసు, ముందూ వెనకా గాడులుంటాయి. సి3తో సహా అన్నీ దానికి పడతాయి. పెద్ద నంబరు బూటుకు చిన్న నంబరు క్రాంపాన్ పెట్టొచ్చు గానీ చిన్న నంబరు బూటుకు పెద్ద నంబరు క్రాంపాన్ పెట్టకూడదు.

అయితే ఈ నంబర్లను ఒక స్థాయి వరకే నమ్మండి. ఇది ఏ ప్రమాణాల సంస్థో కొలిచి వేసిన ముద్ర కాదు. ఒక కంపెనీ బి2 ఇంకో కంపెనీ బి2 కన్నా మెత్తగా ఉండొచ్చు. క్రాంపాన్ల బలానికి ఈఎన్ 893, యూఐఏఏ 153 అనే ప్రమాణాలున్నాయి, కొనే జత మీద ఆ గుర్తు ఉండాల్సిందే. కానీ ఆ గుర్తు ఉక్కు సంగతి చెబుతుందే తప్ప అది మీ బూటుకు కూర్చుంటుందో లేదో చెప్పదు. అది మీ కళ్లతో, మీ చేతులతో చూసుకోవాల్సిందే.

మీ బి1 బూట్లు ఈ పనికి పనికిరావు. బి2 అయితే తేలికపాటి గల్లీలకు (కొండలో మంచు నిండిన ఇరుకు చీలికలకు), మంచు ఎక్కువా ఐస్ తక్కువా ఉండే ఆల్పైన్ రూట్లకు బాగానే ఉంటుంది, నడకకు బి3 కన్నా సుఖం కూడా. కానీ మీరు రాసింది జలపాతం ఐస్, మిక్స్‌డ్ అని. దానికి బి3 తీసుకోండి. మధ్యలో బి2 ఒకటి కొని, ఏడాది తిరిగేసరికి దాన్ని పక్కన పడేసి బి3 కొనుక్కున్నవాళ్లను చాలామందిని చూశాను. బి3తో నడవలేమేమో అన్న భయం కొంత పాత రోజులది. ఇప్పటి బూట్లలో సోల్ ముందుభాగం పైకి వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపు మీద అడుగు దొర్లుతుంది. చీలమండ దగ్గర కూడా బాగా వంగుతాయి. నిలువు ఐస్ మీద మడమను కొంచెం దించడానికి, వాలు మీద పాదం మొత్తం ఆనించి నడవడానికి, మిక్స్‌డ్‌లో కాలిని పక్కకు తిప్పి చిన్న అంచు మీద పెట్టడానికి ఆ వంపు చాలా అవసరం. సోల్ కదలకూడదు, చీలమండ కదలాలి. బూటు చేతిలోకి తీసుకోగానే ఈ రెండూ విడివిడిగా చూడండి.

ఇక కొలత. ఇక్కడ తొందరపడకండి, సగం రోజు పట్టినా పట్టనివ్వండి. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. కొండ మీద వేసుకునే సాక్సే వేసుకుని వెళ్లండి. ముందుగా బూటు లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. పెద్ద వేలి ముందు సుమారు ఒక వేలి మందం ఖాళీ కనిపించాలి. పాదం పక్కలు ఇన్‌సోల్ దాటి బయటికి పొర్లకూడదు. తర్వాత బూటు తొడిగి, తాడు (లేసు) కట్టకుండా పాదాన్ని పూర్తిగా ముందుకు తోయండి. మడమ వెనక ఒక వేలు దూరితే చాలు. రెండు వేళ్లు తేలిగ్గా దూరితే పెద్దదైనట్టు. సైజు నంబరు పట్టించుకోకండి, ఒక కంపెనీ 43 ఇంకో కంపెనీ 44తో సమానంగా ఉండొచ్చు.

తాడు బిగించాక అసలు పరీక్ష. మెట్టు అంచు మీద బూటు కొస 2, 3 సెం.మీ. మాత్రమే ఆనించి, మడమ గాలిలో నేలకు సమాంతరంగా పెట్టి నిలబడండి. ఐస్ మీద మీరు ఉండబోయే భంగిమ ఇదే. ఇప్పుడు ధ్యాసంతా మడమ మీద పెట్టండి. బూటు కదలకుండా లోపల మడమ మాత్రం పైకి లేస్తోందా? కొద్దిగా, అంటే మడమ చర్మం బూటు గోడకు రాసుకుపోనంత లేస్తే ఫర్వాలేదు. స్పష్టంగా లేచి పడుతుంటే ఆ బూటు వద్దు. ప్రతి కిక్‌కూ ఆ మడమ లేచి పడుతూనే ఉంటుంది, మొదటి పిచ్ (ఒక తాడు పొడవు మేర ఎక్కే దశ) అయ్యేసరికి బొబ్బ, మొనలు ఎక్కడున్నాయో కాలికి తెలియకపోవడం, రెండూ వస్తాయి. ఇన్‌సోల్ మార్చడం, చీలమండ దగ్గర తాడును బిగించి ఒక ముడి వేయడం వల్ల కొంత తగ్గుతుంది గానీ మడమ ఆకారమే కుదరని బూటును ఇన్‌సోల్ బాగుచేయలేదు.

దాని తర్వాత, అనుమతి అడిగి, గోడనో గట్టి దిమ్మెనో బూటు కొసతో తన్నండి. గట్టిగానే, పది పదిహేను సార్లు. వేళ్లు ముందు గోడకు తగలకూడదు. ఒక్కసారి తగిలితే ఏముందిలే అనిపిస్తుంది. ఐస్ ఎక్కే రోజున కొన్ని వందల సార్లు తంతారు, ప్రతిసారీ పెద్ద వేలి గోరు కొస ఆ గట్టి గోడకే తగులుతుంది. సాయంత్రానికి గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది, కొన్ని వారాలకు ఊడిపోతుంది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ తగులుతాయి కాబట్టి వాలు పలక మీద నిలబడి కిందికి దిగినట్టు కూడా చూడండి. చివరగా వేళ్లు లోపల ఆడుతున్నాయా? ఆడాలి. వెచ్చదనం ఇచ్చేది బూటు మందం ఒక్కటే కాదు, రక్తం తిరగడం కూడా. బిగుతుగా ఉన్న బూటులో రెండో జత సాక్స్ వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు, జరిగేది దానికి ఉల్టా. సాక్స్ వేళ్లను నొక్కుతుంది, రక్తం రాదు, మంచుకాటుకు దారి సుగమం అవుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఆ బూట్లతో కనీసం అరగంట దుకాణంలోనే తిరగండి. తీసుకున్నాక ఇంట్లో కొన్ని రోజులు వేసుకుని మెట్లెక్కండి, బయట మాత్రం వేసుకోకండి, మార్చుకునే అవకాశం ఉంటుంది. ఇంకో మంచి పద్ధతి, దొరికితే మొదట అద్దెకు తీసుకుని ఎక్కి చూడటం. రెండు రకాల బూట్లు ఐస్ మీద వాడి చూశాక కొనేవాడికి ఎవరి సలహా పెద్దగా అవసరం ఉండదు.

సింగిలా డబులా అన్నది చలిని బట్టి కన్నా, రాత్రి ఎక్కడ పడుకుంటారన్నదాన్ని బట్టి తేల్చుకోవడం మేలు. ఉదయం వెళ్లి సాయంత్రానికి వెచ్చని గదికి వచ్చేవాళ్లకు ఇన్సులేషన్ ఉన్న సింగిల్ బూటు చాలు. లా స్పోర్టివా నేపాల్ కుటుంబం, స్కార్పా మాంట్ బ్లాంక్ లాంటివి ఈ రకం. వాటి కన్నా తేలికగా, పైన గెయిటర్, అంటే మంచును ఆపే బట్ట తొడుగు, బూటుతోనే కుట్టేసి వచ్చేవి ఇంకో రకం, స్కార్పా ఫాంటమ్ టెక్, లా స్పోర్టివా జీ5 లాంటివి. టెక్నికల్ ఐస్‌కు ఈ రెండో రకం నాకు ఎక్కువ నచ్చుతుంది. తాడు గెయిటర్ కింద దాగి ఉంటుంది, మంచు లోపలికి రాదు, కాలి మీద బరువు తక్కువ. కానీ రాళ్ల మీద ఎక్కువ నడిస్తే గెయిటర్ బట్ట త్వరగా చిరుగుతుంది. నడక ఎక్కువుంటే తోలు బూటే మన్నుతుంది.

డబుల్ బూటులో లోపలి బూటు విడిగా వస్తుంది. టెంట్‌లో వరుసగా రాత్రులు గడిపేవాళ్లకు అసలు లాభం అక్కడే. పగలంతా పాదం నుంచి వచ్చిన చెమట లోపలి బూటులోకి ఇంకుతుంది. రాత్రి దాన్ని తీసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుంటే తెల్లారేసరికి కొంతైనా ఆరి వెచ్చగా ఉంటుంది. సింగిల్ బూటులో ఆ తేమ అక్కడే గడ్డకడుతుంది, రెండో రోజు ఉదయం ఐస్ ముక్కలో కాలు పెట్టినట్టే. స్కార్పా ఫాంటమ్ 6000, లా స్పోర్టివా జీ2 ఈ కోవలోవి, మునుపటి డబుల్ బూట్ల కన్నా చాలా తేలిక. అయినా కొంచెం లావుగానే ఉంటాయి, చిన్న అంచుల మీద కాలు పెట్టేటప్పుడు అంత సూటిగా తెలియదు. ఒక్కరోజు ఐస్ రూట్లే మీ ఆలోచన అయితే డబుల్ కొనకండి. మీకు ఏ పరిస్థితిలోనైనా కాలి వేళ్లు చల్లబడే గుణం ఉంటే, ఇంతకుముందు మంచుకాటు తగిలి ఉంటే మాత్రం ఇంకో ఆలోచన లేకుండా డబులే తీసుకోండి. ఒకసారి మంచుకాటు తిన్న వేళ్లు మళ్లీ త్వరగా దెబ్బతింటాయి.

స్నేహితుడి పాత ప్లాస్టిక్ బూట్ల సంగతి: తీసుకోకండి. పైకి కొత్తగా కనిపించినా సరే. ఆ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది, చలిలో ఉన్నట్టుండి పగులుతుంది. బీరువాలో వాడకుండా ఉంచినా వయసు ఆగదు. ఈ జబ్బు ప్లాస్టిక్ బూట్లకే కాదు, మామూలు బూట్ల సోల్‌కూ పైభాగానికీ మధ్య ఉండే పాలీయురథేన్ పొర కూడా గాలిలోని తేమకు నెమ్మదిగా చివికి, ఒకరోజు ముద్దలుగా ఊడిపోతుంది. సెకండ్ హ్యాండ్ బూట్లు ఏవి కొన్నా తయారైన ఏడాది అడగండి, ఆ పొరను బొటనవేలితో నొక్కి చూడండి. పొడి రాలినా, సన్నటి పగుళ్లు కనిపించినా వదిలేయండి. క్రాంపాన్లు సెకండ్ హ్యాండ్‌వి తీసుకోవచ్చు, ఉక్కు ఏం దాచుకోదు. పాయింట్లు ఎంత అరిగాయో, బోల్టు రంధ్రాల చుట్టూ, వంపుల దగ్గర పగుళ్లున్నాయో చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు బూటు చేతికొచ్చింది అనుకుందాం. క్రాంపాన్ బిగింపు మూడు రకాలు. ముందూ వెనకా ప్లాస్టిక్ బుట్టలూ పట్టీలూ ఉండేది మీ దగ్గరున్నదే. ముందు బుట్ట, వెనక లివర్ ఉండేది సెమీ ఆటోమేటిక్. ముందు ఉక్కు కమ్మీ, అంటే టో బెయిల్, వెనక లివర్ ఉండేది ఆటోమేటిక్. బి3 బూటుతో నిలువు ఐస్‌కు ఆటోమేటిక్కే. ఎందుకంటే కమ్మీ బూటు గాడిలో ఉక్కులా కూర్చుంటుంది, కిక్ కొట్టినప్పుడు ఆ దెబ్బంతా మొనలకే వెళుతుంది. బుట్ట ఉన్నవాటిలో బూటు కొస కొద్దిగా కదిలే వీలుంటుంది. పెట్జల్ లింక్స్ లాంటివి రెండు రకాల ముందు బిగింపుతోనూ వస్తాయి, బి2, బి3 రెండూ ఉన్నవాళ్లకు అది బాగా ఉపయోగపడుతుంది.

బిగించి చూసే పద్ధతి కొంచెం వివరంగా రాస్తాను, దీన్ని దుకాణంలోనే చేయాలి. ముందుగా మధ్య పట్టీ పొడవు సరిచేయండి. పెద్ద పాదాలకు పొడవాటి పట్టీ విడిగా కొనాల్సి రావచ్చు. బూటు కొసను కమ్మీలోకి పెట్టి, మడమ లివర్ వేయకుండానే బూటును పైకెత్తండి. క్రాంపాన్ వేలాడుతూనే ఉండాలి, జారిపడకూడదు. తర్వాత లివర్ వేయండి. బొటనవేలితో తేలిగ్గా పడిపోతే వదులు. రెండు చేతులతో మోకాలి మీద పెట్టి తోసినా పడకపోతే మరీ బిగువు. అరచేతితో గట్టిగా నొక్కితే టక్కుమని పడటం సరైన బిగువు. ఇప్పుడు బూటును తలకిందులు చేసి చూడండి. కమ్మీ గాడి పొడవునా తాకుతోందా, లేక రెండు పక్కలే తాకి మధ్యలో సందు ఉందా? సన్న కొస ఉన్న బూటుకు వెడల్పు కమ్మీ పెడితే బూటు పక్కకు జరుగుతుంది. చాలా కంపెనీలు వేరే వెడల్పు కమ్మీలు విడిగా అమ్ముతాయి. వెనక భాగంలోని చిన్న నిలువు రెక్కల మధ్య మడమ కూర్చుందా, వాటి మీదికెక్కిందా అన్నదీ చూడండి. చివరగా పట్టీ కట్టకుండా క్రాంపాన్‌ను పట్టుకుని బూటును గట్టిగా అటూ ఇటూ ఊపండి, తిప్పండి. ఎక్కడా కదలిక, కటకట శబ్దం ఉండకూడదు. చీలమండ చుట్టూ కట్టే పట్టీ కేవలం జాగ్రత్త కోసం, బూటును పట్టి ఉంచే పని దానిది కాదు.

ముందు మొనలు ఎంత బయటికి రావాలన్నది కమ్మీని ఏ రంధ్రంలో పెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. మామూలుగా 2 నుంచి 2.5 సెం.మీ. బాగుంటుంది. అంతకన్నా ఎక్కువైతే పిక్కల మీద లాగుడు పెరుగుతుంది, తక్కువైతే ఐస్‌లో బూటు కొస ముందు తగిలి మొనలు లోపలికి దిగవు. ఇంకొకటి గమనించండి, ముందు మొనల వెనకాల కిందికి వాలి ఉండే రెండో వరుస. మడమను కొద్దిగా దించితే ఆ వరుస కూడా ఐస్‌కు ఆనుతుంది, కాలు మూడు నాలుగు చోట్ల నిలబడుతుంది. కొత్తవాళ్లు భయంతో మడమ పైకెత్తుతారు, అప్పుడు రెండో వరుస ఐస్ నుంచి దూరమై ముందు మొనలు పైకి లేచి ఊడతాయి. ఇది క్రాంపాన్ లోపం కాదు, అలవాటు మార్చుకుంటే పోతుంది.

ముందు మొనలు లేని రోజులు కూడా ఉన్నాయి, తెలుసుకోవడం బాగుంటుంది. ఇంగ్లీష్ క్లైంబర్ ఆస్కర్ ఎకెన్‌స్టైన్ 1908లో రూపొందించిన పది పాయింట్ల క్రాంపాన్‌ను ఇటలీలో కమ్మరి హెన్రీ గ్రివెల్ తయారుచేశాడు. ముందుకు పొడుచుకొచ్చే మొనలు 1929లో లారెంట్ గ్రివెల్ చేర్చాడు. దాని విలువ 1938 జూలైలో స్విట్జర్లాండ్‌లోని ఐగర్ కొండ ఉత్తర ముఖం మీద, దాన్ని మొదటిసారి ఎక్కినప్పుడు తేలిపోయింది. ముందు బయల్దేరిన ఇద్దరిలో ఫ్రిట్జ్ కాస్పారెక్ దగ్గర పది పాయింట్లవి, హైన్రిచ్ హారర్ దగ్గర అసలు క్రాంపాన్లే లేవు, ఐస్‌లో మెట్లు చెక్కుకుంటూ వెళుతున్నారు. ఒక రోజు ఆలస్యంగా బయల్దేరిన ఆండర్ల్ హెక్‌మైర్, లుడ్విగ్ వోర్గ్ పన్నెండు పాయింట్ల క్రాంపాన్లతో వచ్చి గోడ మీదే వాళ్లను అందుకున్నారు. ఆ తర్వాత నలుగురూ కలిసి శిఖరం చేరారు. ఈరోజు మనం ఎక్కే పద్ధతంతా ఆ రెండు మొనల మీదే నిలబడి ఉంది.

ఆ మొనలు అడ్డంగా ఉండాలా నిలువుగా ఉండాలా అన్నది మొదటి తేడా. పారకూ కత్తికీ ఉన్న తేడా లాంటిదే ఇది. అడ్డ మొన వెడల్పు కాబట్టి మంచులో, గట్టిపడిన మంచు వాలులో కోసుకుపోకుండా నిలుస్తుంది. గ్రివెల్ జీ12, బ్లాక్ డైమండ్ సేబర్‌టూత్ అలాంటివి, ఆల్పైన్ రూట్లలో బంగారం. కానీ గట్టి జలపాతం ఐస్‌లో అదే వెడల్పు ఐస్‌ను పెచ్చులుగా లేపుతుంది. నిలువు మొన సన్నగా దిగుతుంది, ఐస్ తక్కువ పగులుతుంది, రాతి పగుళ్లలో కూడా దూరుతుంది. మీరు చేయబోయే పనికి నిలువు మొనలే.

ఇక మీరు అడిగిన మొదటి ప్రశ్న. మోనో పాయింట్‌ను ఐస్ టూల్ (చేత్తో ఐస్‌లో దించే చిన్న గొడ్డలి) చేసిన గుంటలోనే పెట్టొచ్చు, కొత్తగా తన్నాల్సిన పని తగ్గుతుంది. సన్నటి ఐస్ పొర మీద, వేలి మందం రాతి పగులులో, గోరంత అంచు మీద దాన్ని ఉంచినంత కచ్చితంగా రెండు మొనలను ఉంచలేం. రెండు మొనలుంటే ఒకటి రాయికి తగిలి రెండోది కూర్చోకుండా ఆగిపోతుంది. కానీ మోనో మీద బూటు పక్కకు తిరిగే వీలుంటుంది, కాలు నిలకడగా పెట్టడం వచ్చి ఉండాలి. మెత్తటి ఐస్‌లో, ఎండకు బలహీనపడ్డ ఐస్‌లో ఒక్క మొన కోసుకుని కిందికి జారుతుంది, రెండు మొనలు నిలుస్తాయి. కాబట్టి నా ఎంపిక స్పష్టం: రెండింటికీ మార్చుకునే వీలున్నది కొనండి. పెట్జల్ లింక్స్, గ్రివెల్ జీ14, బ్లాక్ డైమండ్ సైబోర్గ్ అన్నీ అలా మారేవే. మొదటి సీజన్ డ్యుయల్‌గా ఎక్కండి. కాలు ఒకసారి పెట్టాక కదపకుండా ఉంచడం అలవాటయ్యాక, మిక్స్‌డ్ మొదలుపెట్టే రోజున ఒక మొన తీసేసి చూడండి. మొన విడిగా ఊడి వచ్చేదైతే అరిగినప్పుడు క్రాంపాన్ మొత్తం పారేయకుండా ఆ ముక్కే మార్చుకోవచ్చు, అదింకో లాభం. బోల్టులు మాత్రం ప్రతిసారీ బయల్దేరే ముందు కీ పెట్టి బిగించి చూసుకోండి.

అల్యూమినియం క్రాంపాన్లు చూసి మోజుపడకండి. బరువు చాలా తక్కువే, కానీ రాయి తగిలితే మొన చప్పబడిపోతుంది, గట్టి ఐస్‌లో దిగదు. అవి స్కీయింగ్‌కు, మంచు దారులకు. ముందు ఉక్కూ వెనక అల్యూమినియమూ పెట్టి మధ్యలో తాడుతో కలిపేవి కూడా ఈ పనికి కావు. ఉక్కులో క్రోమోలీనా (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) స్టెయిన్‌లెస్సా అన్నదానికి ఎక్కువ ఆలోచించకండి. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు, క్రోమోలీని ఆరబెట్టుకుంటే అదీ బాగానే మన్నుతుంది. టెక్నికల్ ఉక్కు జత సుమారు 800 నుంచి 1,100 గ్రాముల మధ్య ఉంటుంది.

ఒక వస్తువు మాత్రం ఐచ్ఛికం అనుకోకండి, క్రాంపాన్ అడుగున ఉండే యాంటీబాల్ ప్లేట్లు. తడి మంచు పాయింట్ల మధ్య ముద్దకట్టి, పాయింట్లు నేలను తాకకుండా చేస్తుంది. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు, మధ్యాహ్నం మంచు మెత్తబడ్డాక, ఒళ్లు అలసి ఉన్నప్పుడు ఇది జరుగుతుంది. ప్లేట్లున్నా పూర్తిగా ఆగదు, టూల్‌తో తట్టి దులుపుకుంటూ ఉండాలి. అలాగే క్రాంపాన్ తొడిగే ముందు బూటు గాడుల్లో ఇరుక్కున్న మంచును గోకి తీసేయండి. గాడిలో పలుచటి ఐస్ పొర ఉన్నా లివర్ పడినట్టే పడుతుంది, ఆ ఐస్ కరిగాకో నలిగాకో వదులవుతుంది. పట్టీ కొసలు పొడవుగా ఉంటే కత్తిరించి, బయటి వైపు దోపుకోండి. రెండో కాలి పాయింట్లు వాటిలో చిక్కుకుంటే బోర్లా పడతారు.

మొనలు మొద్దుబారితే ఆకురాయితో చేత్తో అరగదీయండి. కరెంటు గ్రైండర్ ముట్టుకోవద్దు, ఆ వేడికి ఉక్కు టెంపర్ (గట్టిదనం) పోయి మొన మెత్తబడుతుంది. ఎంతవరకు అరగదీయొచ్చో కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటుంది, ఆ గీత దాటితే మార్చేయాలి. బూట్లను మాత్రం హీటర్ ముందు ఆరబెట్టకండి. ఇన్‌సోల్ తీసి, లోపల పాత కాగితం కుక్కి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. వేడికి తోలు బిగుసుకుపోతుంది, సోల్ జిగురు వదులుతుంది.

మీ పాత పది పాయింట్ల క్రాంపాన్లు అమ్మేయకండి. బి1 బూట్లతో పాటు అవి గ్లేసియర్ నడకలకు, తేలిక వాలులకు ఇప్పటికీ సరిగ్గా సరిపోతాయి. కొత్త జత మొనల పదును అనవసరంగా రాళ్ల దారిలో పోగొట్టుకోకుండా కూడా ఉంటుంది.